మే నెలలో స్వెట్టర్లు

రోళ్ళు పగిలే రోహిణి కార్తెలో పుట్టానని నాకు రోహిణి అని పేరు పెట్టాడు మా నాన్న. ఆ మనిషే ఇరవయ్యేడేళ్ళ తర్వాత, ఈ ఏడు మార్చిలో ఒక ఆదివారం పూట గడపలో కూర్చుని, తువ్వాలుతో వీపు తుడుచుకుంటూ, "ఒలే, నాకు ఒక్కపాలి వణకాలనుందే," అన్నాడు.

"వణకడమేటి నాన్నా? ఒంట్లో బాగాలేదా?"

"బానే ఉన్నాను. సలికి వణకాల. మంచు కాడ నిలబడితే పళ్ళు టకటకా కొట్టుకుంటాయంట కదా, అలగ."

మా నాన్న సీతారామరావు జంషెడ్‌పూర్ ఉక్కు కంపెనీలో ఠేకా మనిషి, అంటే కాంట్రాక్టు కూలీ. ముప్పై ఏళ్ళ నుంచి ఫర్నేస్ దగ్గరే పని. కరిగిన ఇనుము కాలవలో పారుతుంటే పొడుగాటి గడ పట్టుకుని దాని ఒడ్డున నిలబడతాడు. వచ్చే ఏడాదికి అరవై నిండుతాయి, గేటు పాసు వెనక్కి తీసేసుకుంటారు. అంతకాలం కాగిన మనిషి ఒక్కసారి చల్లబడతానంటే వద్దనడానికి నాకు మనసు రాలేదు. "నేను తీసుకెళ్తాను," అనేశాను. కాలు జారితే తీసుకోగలం గానీ నోరు జారితే తీసుకోలేమంటారు. ఆ మాట ఎంత నిజమో నాకు ఆ వేసవి మూడు నెలలూ తెలిసొచ్చింది.

అసలు మా ఇంట్లో ప్రయాణమంటే సొంతూళ్ళో పెళ్ళి, కాకపోతే చావు, కాకపోతే మొక్కు. ఎండా వానా చూసుకుని వెళ్ళే ప్రయాణాలు కావవి. పోయినవాడు వానాకాలంలో పోయాడని రైలెక్కడం మానేస్తామా? సరదాకి వెళ్ళడం మా సీతారాండేరా పేట సందులో ఎవరికీ అలవాటు లేదు. అందుకే దాన్ని పద్ధతిగా చెయ్యాలని పంతం పట్టాను. సాక్చీ బజార్లో ఒక డాక్టరు గారి క్లినిక్‌లో కౌంటరు దగ్గర నా ఉద్యోగం. ఎవరు ముందు, ఎవరు వెనక అని టోకెన్లు రాసి జనాన్ని కూర్చోబెట్టే దాన్ని. ఎండనీ వాననీ కూడా అలాగే కూర్చోబెట్టొచ్చనుకున్నాను.

వారం రోజులు చదివాను. వెళ్ళొచ్చిన పేషెంట్లని పట్టుకుని అడిగాను. సిక్కింలో లాచుంగ్ అని ఒక ఊరుంది. దాని పైన కొండల మీద మే సగం దాకా మంచు దొరుకుతుంది. జూన్ పడిందంటే అక్కడ వానలు దిగుతాయి, కొండచరియలు విరిగి దారులు మూసుకుపోతాయి. కాబట్టి మే తొమ్మిదిన బయల్దేరాలి. నాన్న సెలవుల రిజిస్టర్లో తొమ్మిది నుంచి పది రోజులు రాయించుకున్నాడు. హౌరా దాకా ఒక రైలు, అక్కణ్ణుంచి ఇంకో రైలు, రెంటికీ బెర్తులు దొరికాయి. ఫోన్లో వాతావరణం చూపించే చోట జంషెడ్‌పూర్ కింద లాచుంగ్ చేర్చుకున్నాను. పొద్దున్న కళ్ళు నులుముకుంటూ ముందు అదే చూసేదాన్ని. ఇక్కడ ముప్పై తొమ్మిది, అక్కడ ఆరు. ఇక్కడ నలభై ఒకటి, అక్కడ ఐదు.

మా అమ్మ పైడమ్మ ఈ హడావిడిలో ఒక్కటే అడిగింది.

"అక్కడ వంట ఎవులు సేత్తారే?"

"హోటలోళ్ళు చేస్తారమ్మా."

"మూడు పూటలా?"

"మూడు పూటలా."

"మనం ఏటీ సెయ్యక్కర్లేదా?"

నాన్నా నేనూ పకపకా నవ్వాం. ఎక్కడి మంచు, ఎక్కడి వంట! అమ్మ కూడా నవ్వేసి లోపలికి వెళ్ళిపోయింది, పొయ్యి మీద ఏదో ఉన్నట్టుంది.

* * *

మేడే నాడు నాన్నకి సెలవు. ముగ్గురం ఆటో ఎక్కి వంతెన దాటి మాంగో అనే పేటలో బజారుకి స్వెట్టర్లు కొనడానికి వెళ్ళాం. ఆ రోజుల్లో సువర్ణరేఖ నదిలో నీళ్ళకన్నా బండలే ఎక్కువ కనపడుతున్నాయి. చలికాలమైతే టిబెట్ వాళ్ళు వచ్చి రోడ్డు పొడుగునా స్వెట్టర్లు పరుస్తారు. మే ఒకటో తారీఖున, నలభై రెండు డిగ్రీల్లో స్వెట్టరు అడిగితే ఏమవుతుందో మాకు ఆ రోజు తెలిసింది. మొదటి కొట్టువాడు వినపడనట్టు నటించాడు. రెండోవాడు, "అభీ? స్వెట్టర్?" అని, ఇప్పుడా అన్నట్టు, పక్క కొట్టువాణ్ణి పిలిచి మమ్మల్ని చూపించాడు. మూడో కొట్టు ముసలాయన మాత్రం మంచివాడు. నిచ్చెన వేయించి, అటక మీంచి మూట దింపించి, దుమ్ము దులిపించాడు. కలరా ఉండల వాసన గుప్పుమంది. ఫ్యాను గాలి కూడా వేడిగానే తగులుతోంది.

"వేసుకుని చూడు నాన్నా."

"సూత్తే సాలదేటి?"

"సైజు తెలియాలి కదా!"

వేసుకున్నాడు. చిక్కటి నీలం రంగు, మెడ దాకా ఉంది. క్షణంలో మొహమంతా చెమట. "సరిపోయింది, సరిపోయింది, తియ్యండే," అని అరుస్తున్నాడు. తియ్యబోతే చెమటకి ఒంటికి అంటుకుపోయింది. ఒక చెయ్యి నేనూ ఒక చెయ్యి కొట్టు ముసలాయనా పట్టుకుని లాగాల్సి వచ్చింది. బజార్లో పోయేవాళ్ళు ఆగి చూశారు. నాకు సిగ్గూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. ఇంత కష్టపడి, ఇంత ముందుచూపుతో చేస్తుంటే అందరికీ నవ్వులాటగా ఉంది.

ఈ గొడవలో అమ్మ మూట అవతల నిలబడి గోధుమరంగు శాలువా ఒకటి మడత విప్పింది. దాని మీద చెయ్యి పెట్టి కాసేపు అలాగే ఉంచింది.

"కావాలేటమ్మా?"

"అబ్బే, నాకెందుకు. మీ నాన్నకి సేతి తొడుగులు సూడు."

ఆ ఉక్కలో నాకు బయట పడితే చాలనుంది. "సరే," అని నాన్నకి చేతి తొడుగులు తీసుకున్నాను. అమ్మ శాలువా మళ్ళీ మడత పెట్టింది, కొట్టువాడికన్నా నీటుగా.

* * *

మా నాన్న జిలేబీ పొట్లంతో ఇంటికొస్తే ఏదో తప్పు చేసొచ్చాడన్నమాట. మే ఐదున పొద్దుటి షిఫ్టు దిగి జిలేబీతో వచ్చాడు.

"ఏం చేశావు?" అన్నాను, ఇంకా చెప్పులు విప్పకముందే.

"ఏటీ లేదే. ఆదిబాబు బావ అడిగాడు. ఆడి బావమరిది టెక్కలి కాడ ఇల్లు కట్టాడంట. పదకొండో తారీకు గృహప్రవేశం. ఆడికి రాసిన సెలవేమో జూన్ ఏడు. మ్యూచువల్ సేసుకుందాం బావా అన్నాడు."

మ్యూచువల్ అంటే ఇద్దరు మనుషులు ఒప్పుకుని, ఒకరి సెలవు ఒకరు మార్చుకుని, రిజిస్టర్లో సంతకాలు పెట్టడం. కంపెనీ మొదలైన నాటి నుంచీ ఉందేమో ఆ అలవాటు.

"నువ్వేమన్నావు?"

"ఏటంటాను? సంతకం పెట్టేసాను."

నాకు ఒళ్ళు మండిపోయింది. "నాన్నా! జూన్‌కి అక్కడ మంచుండదు! వానలు పడతాయి! దారే ఉండదు! నెలన్నర నుంచీ నెత్తీ నోరూ కొట్టుకుని చెప్తున్నాను కదా!"

"ఏ వానలే? రథయాత్ర ఎప్పుడు, జూన్ నెలాఖర్న. రథం కదిలితేగానీ సుక్క పడదు. ముప్పయ్యేళ్ళ కాడ్నించి సూత్తన్నాను, ఒక్క ఏడు తప్పలేదు."

"అది జంషెడ్‌పూర్‌లో! అక్కడి మబ్బులకి మన రథయాత్ర ఏం తెలుసు?"

"మబ్బు ఎక్కడైనా మబ్బే కదే," అన్నాడు నాన్న. ఆ నమ్మకానికి జవాబు ఏ ఫోన్లోనూ లేదు.

ఈలోపు ఎదురింట్లోంచి ఆదిబాబు మామ రానే వచ్చాడు. మామది పెద్ద గొంతు, ఫర్నేస్ హోరులో మాట్లాడీ మాట్లాడీ అలా అయిపోయింది. తను ఎప్పుడో ఒకసారి డార్జిలింగ్ వెళ్ళాడు. అప్పట్నుంచీ సందులో ఎవరికి కొండల మాటొచ్చినా ఆయనే గురువు.

"రోహిణమ్మా, ఊరికే కంగారు పడతన్నావు. అక్కడ మబ్బులు కిందుంటాయి, మనం మీదుంటాం. వాన కిందికి పడతాదా, మీదికి పడతాదా?"

"మామా, నువ్వు వెళ్ళింది ఏ నెల?"

"నెలేటి గుర్తుంటాది? సలిగా ఉంది, అంతే. నువ్వు గొడుగులూ గిడుగులూ మోయకు." ఒక జిలేబీ నోట్లో వేసుకుని వెళ్ళిపోయాడు.

నేను తల బాదుకున్నాను. ఎవడో టెక్కలిలో పాలు పొంగిస్తుంటే చూడ్డానికి మా నాన్న మంచు కరిగిపోవాలి! మామ వెళ్ళాక నాన్న గోడకి చేరబడి, గొంతు తగ్గించి అన్నాడు.

"ఒలే, నీకు తెల్దు. ఇనుం వదిలినపుడు దాని ముందర అర్ధగంట కన్నా ఎవడూ నిలబడ్డు, నిలబడకూడదు. అర్ధగంటవగానే రిలీవర్ వచ్చి బుజం తడతాడు. తడితే గడ ఆడికిచ్చి సల్లగదిలోకి పోవాల. ఆడు తట్టకపోతే మాత్రం మనం కదలకూడదు, ఏటైపోయినా. నా బుజం తట్టేది ఆదిబాబే. ఇరవై రెండేళ్ళు. ఒక్కనాడు ఒక్క నిమిషం లేటు సెయ్యలేదు. ఆడు నోరు తెరిచి ఒక్కటి అడిగితే లేదంటానా?"

అదే నాకు ఇంకా చిరాకు. తిట్టడానికి కూడా లేకుండా చేశాడు. టికెట్లు వదిలేసి జూన్ ఏడుకి మళ్ళీ వెతికాను. రెండో రైలుకి వెయిటింగ్ లిస్టు, ముప్పై నాలుగు. రోజూ పొద్దున్న చూడ్డానికి ఇప్పుడు మూడు అంకెలయ్యాయి.

* * *

మే ఇరవై ఐదున రోహిణి కార్తె వచ్చింది. నా పేరు పెట్టుకుని ఊరంతా తిట్టుకునే రోజులవి. నలభై నాలుగు, నలభై ఐదు. కరెంటు ఎప్పుడు పోతుందో ఎప్పుడొస్తుందో తెలీదు. ఫోన్లో లాచుంగ్ పక్కన సూర్యుడి బొమ్మ పోయి మబ్బు బొమ్మ వచ్చింది. మర్నాడు మబ్బు కింద చుక్కలు. నాన్నకి చూపిస్తే, "ఆ బొమ్మలు ఎవులో గీత్తారే, ఏసీలో కూకొని," అన్నాడు.

నేను ఆయనతో వాదించడం మానేసి మూడు వానకోట్లు కొన్నాను. మంచి దళసరివి, మోకాళ్ళ కింద దాకా వచ్చేవి. సంచిలో అన్నిటికన్నా అడుగున పెట్టాను, ఎవరూ నవ్వకుండా.

ప్రయాణానికి రెండు రోజుల ముందు మధ్యాహ్నం క్లినిక్ నుంచి భోజనానికి వచ్చేసరికి వంటింట్లోంచి నూనె వాసన. మా వంటిల్లు ఇంటి వెనక గోడకి ఆనించి వేసిన రేకుల చావడి, పడమటి ఎండంతా దాని మీదే. అమ్మ ఆ రేకుల కింద కూర్చుని జంతికలు వత్తుతోంది. రవిక వీపుకి అతుక్కుపోయింది. మెడ చుట్టూ చెమటకాయలు ఎర్రగా పేలి ఉన్నాయి.

"ఏంటమ్మా ఇది? ఈ ఎండలో జంతికలేంటి? అక్కడ అన్నీ దొరుకుతాయని చెప్పానా?"

"దార్లో మీ నాన్నకి ఆకలేత్తాది."

"కొనుక్కుంటాం!"

"అయిపోయింది, ఇంకో వాయే." ఆ వాయి తీసి, పొయ్యి ఆపి, పెరట్లోకి వెళ్ళి, బకెట్లో నీళ్ళు తల మీద గుమ్మరించుకుని అలాగే మెట్టు మీద కూలబడింది. కళ్ళు మూసుకుంది. కాసేపు నేను పిలిచినా పలకలేదు.

"అమ్మా!"

"ఏటీ లేదే. తల తిరిగింది. నువ్వు అన్నం పెట్టుకుని తిను."

తిన్నాను. ఇప్పుడు తలుచుకుంటే నాకు సిగ్గుగా ఉంది గానీ ఆ రోజు నా బుర్ర నిండా వెయిటింగ్ లిస్టే. ముప్పై నాలుగు కాస్తా మూడుకి దిగింది, ఆ మూడు కదలనంటోంది. జంతిక కొరుక్కుంటూ ఫోను చూసుకుంటూ క్లినిక్‌కి వెళ్ళిపోయాను.

బెర్తులు ఆఖరి నిమిషంలో దొరికాయి. రోహిణి కార్తె ఆఖరి రోజున, మా ఊరి టాటా స్టేషన్లో, మా వంక ఎగాదిగా చూసే జనం మధ్య, స్వెట్టర్ల సంచి మోసుకుని రైలెక్కాం. ఆదిబాబు మామ ప్లాట్‌ఫారం మీంచి, "మంచు కొంచెం సీసాలో పట్టుకు రా బావా," అని అరిచాడు.

* * *

న్యూ జల్పాయిగురిలో రైలు దిగి జీపు ఎక్కిన గంటకి వాన మొదలైంది. మొదట సన్నగా పడింది. తర్వాత నది పక్కన దారి మొదలయ్యేసరికి అద్దం అవతల ఏమీ కనపడనంతగా కురిసింది. డ్రైవరు, "బారిష్ తో పరసోం సే హై," అన్నాడు, మొన్నటి నుంచీ ఇంతేనని. నేను నాన్న వంక చూశాను. నాన్న కిటికీ వంక చూశాడు.

లాచుంగ్‌కి ముందు మజిలీ గ్యాంగ్‌టక్. అక్కడ హోటలాయన మాకు తాళం చెవి ఇస్తూనే చెప్పేశాడు. "ఊపర్ కా రాస్తా బంద్ హై బేటీ." పై దారిలో రెండు చోట్ల కొండ విరిగిపడింది. ఎవరినీ పైకి వదలడం లేదు. ఎప్పుడు తెరుస్తారో చెప్పలేరు. తెరిచినా ఇప్పుడు మంచెక్కడిది, మే నెలలో రావాల్సింది కదా అన్నాడు. మే నెలలో రావాల్సింది! ఆ మాట నాతోనా చెప్పడం!

వానకోట్లు తీద్దామని సంచి అడుగు దాకా తోడాను. వానకోట్లు లేవు. వాటి చోట మా నాన్న సేఫ్టీ బూట్లు ఉన్నాయి. కంపెనీ ఇచ్చిన కొత్త జత, వేళ్ళ మీద ఇనుప టోపీ ఉండేవి. పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ దాచుకుని వేసుకుంటాడు.

"వానకోట్లేవి నాన్నా?"

"జాగా లేదే. తీసి మంచం కింద ఎట్టాను. మంచులో కాళ్ళకి ఇవే కరెక్టు. నిప్పు పడినా ఏటీ అవ్వదు."

"మంచులో నిప్పెందుకు పడుతుంది నాన్నా!"

నా అరుపుకి పక్క గదిలో టీవీ గొంతు తగ్గింది. నాన్న బూట్ల వంక చూస్తూ ఉండిపోయాడు. ఆయన మొహం చూస్తే జాలేసింది. జాలి వేసినందుకు మళ్ళీ కోపం వచ్చింది.

మూడు రోజులు. రోజూ పొద్దున్నే కిందికి దిగి, "రాస్తా ఖులా?" అని, దారి తెరిచారా అని అడగడం, "నహీఁ" అనిపించుకుని పైకి రావడం. మొదటి రోజు పట్టుబట్టి బజారుకి వెళ్తే వాన స్వెట్టర్లని తడిపి ముద్ద చేసింది. అవి మర్నాటికి ఆరలేదు, ఆ మర్నాటికీ ఆరలేదు, గదంతా తడి ఉన్ని కంపు. అమ్మ మాత్రం వేళకి మా గదికి భోజనం వస్తే దుప్పటి దులిపి, కింద కూర్చుని, ఎవరో వండిన అన్నం మెల్లగా తినేది. గిన్నెలు తీసుకెళ్ళడానికి వచ్చిన అమ్మాయితో తెలుగులోనే ఏదో మాట్లాడేది.

మూడో రోజు మధ్యాహ్నం నాన్న కిటికీ దగ్గర నిలబడి, "మన ఊళ్ళో ఇంకా సుక్క పడి ఉండదు," అన్నాడు. తన రథయాత్ర లెక్క తప్పలేదని ఆయన ధీమా. నాలో ఏదో తెగిపోయింది.

"నీ లెక్కే, నీ బూట్లే, నీ మ్యూచువలే! నీ కోసం మూడు నెలలు చచ్చాను నేను. మంచు చూస్తానన్నావు, వణుకుతానన్నావు. ఆ తేదీ తీసుకెళ్ళి ఎవడిదో గృహప్రవేశానికి ధారపోశావు. ఇప్పుడు చూడు, కిటికీలోంచి వాన చూడు!"

"నా వల్లే వాన పడిందంటావేటి?"

"అమ్మా, నువ్వైనా చెప్పు—"

అమ్మ గదిలో లేదు. బాత్రూంలో లేదు. వరండాలో లేదు. చెప్పులు మాత్రం గుమ్మం దగ్గరే ఉన్నాయి.

మెట్లెక్కి మేడ మీదికి వెళ్ళాను. అక్కడ దుప్పట్లు ఆరేసుకునే తాళ్ళు ఉన్నాయి. వాటి అవతల పిట్టగోడ దగ్గర, వానలో, ఒట్టికాళ్ళతో నిలబడి ఉంది మా అమ్మ. జుట్టు తడిసి మెడకి అంటుకుపోయింది. చేతులు కట్టుకోలేదు, కొంగు కప్పుకోలేదు. భుజాల నుంచి మోకాళ్ళ దాకా గజగజా వణుకుతోంది.

"అమ్మా! ఏం చేస్తున్నావు? జ్వరం వస్తుంది!"

"రానీయే."

"పళ్ళు కొట్టుకుంటున్నాయి నీకు!"

"అవునే," అంది. దవడ వణుకుతుంటే మాట ముక్కలు ముక్కలుగా వచ్చింది. "ఎంత బాగుందో. ఇదిగో సూడు." చెయ్యి నా ముందు పెట్టింది. రోమాలన్నీ నిక్కబొడుచుకుని ఉన్నాయి. మెడ మీద చెమటకాయలు అణిగిపోయి చర్మం నున్నగా ఉంది. మా అమ్మ మెడ అలా ఉంటుందని నాకు తెలీదు.

"లోపలికి రా అమ్మా. నాన్నకి మంచే చూపించలేకపోయాను, ఇప్పుడు నువ్వొకత్తివి—"

"మంచు మీ నాన్నకే. నాకిది సాలు." వాన వంకే చూస్తూ అంది. "మీ నాన్నకి అర్ధగంటకోపాలి బుజం తట్టీవోడు ఉన్నాడే. నాకెవులున్నారు?"

కోపంగా అనలేదు. అడిగింది, అంతే. నా ఫోన్లో రెండు ఊళ్ళ ఎండా చలీ ఉన్నాయి. మూడు నెలలు రోజుకి పదిసార్లు చూశాను. మా వంటింటి రేకుల కింద ఎంత ఉంటుందో ఒక్క రోజు కూడా చూడలేదు.

వెనక చప్పుడైతే తిరిగాను. మెట్ల మీద నాన్న, చేతిలో సగం ఆరిన నీలం స్వెట్టరు. ఎప్పుడొచ్చాడో, ఎంత విన్నాడో తెలీదు. వానలోకి వచ్చి ఆ స్వెట్టరు అమ్మ భుజాల మీద వేసి, కిందికి దిగిపోయాడు.

* * *

మేం తిరిగొచ్చేసరికి జంషెడ్‌పూర్‌లో నిజంగానే చుక్క పడలేదు. స్టేషన్ బయట కాళ్ళు కాలిపోయాయి. ఇంకెప్పుడైనా అయితే నాన్న నా వంక గర్వంగా చూసేవాడు. చూడలేదు. ఆదిబాబు మామ గుమ్మంలోనే పట్టుకుని, "మంచు సూసావేటి బావా?" అంటే, "లేదు బావా," అని లోపలికి వెళ్ళి, మంచం కింద నుంచి మూడు వానకోట్లూ తీసి దులిపి మేకుకి తగిలించాడు. అంతే. నాలుగు రోజులు ఇంట్లో పెద్దగా మాట్లాడలేదు. నేను అనుకున్నాను, మంచు చూడలేదని దిగులు కాబోలని. నాకూ దిగులుగానే ఉంది. వచ్చే మే నాటికి ఆయనకి గేటు పాసూ జీతమూ ఉండవు, నా దగ్గర ఇంకో ప్రయాణానికి ఓపికా ఉండదు.

ఆదివారం నాన్నకి వారపు సెలవు. నాకూ సెలవే. పన్నెండు దాటింది. నలభై మూడు. నేను వీధి గడపలో, కాస్త నీడ ఉన్న చోట కూర్చుని విసురుకుంటున్నాను. లోపల పప్పు ఉడుకుతున్న చప్పుడు, అమ్మ గాజుల చప్పుడు. నాన్న మంచం మీద పడుకుని గోడ గడియారం వంక చూస్తున్నాడు. చాలాసేపటి నుంచి చూస్తున్నాడు. ఉన్నట్టుండి లేచాడు. తువ్వాలు తలకి చుట్టుకుని, వెనక మెట్టు దిగి, వంటింట్లోకి వెళ్ళాడు.

గడపలోంచి తిన్నగా కనపడుతుంది మా వంటిల్లు. నాన్న అమ్మ వెనక నిలబడి ఆమె భుజం మీద తట్టాడు.

"ఏటి? నీల్లు కావాలా?" అంది అమ్మ, తిరక్కుండానే.

"కాదు. అర్ధగంటయింది. గరిటిచ్చి బయటికెల్లు."

"నీకేటి వచ్చు వంట?"

"ఉడికిందో లేదో సూడ్డమే కదా? ముప్పయ్యేళ్ళు అదే సేసాను."

"సాల్లే, తప్పుకో. పోపు మాడిపోతాది."

నాన్న తప్పుకోలేదు. చెయ్యి చాపి అలాగే ఉంచాడు. "రిలీవర్ వచ్చాక నిలబడకూడదు. రూలు."

అమ్మ ఆయన మొహం వంక చూసింది. వేళాకోళమా కాదా అని చూసినట్టుంది. తర్వాత గరిట ఆయన చేతిలో పెట్టి, కొంగుతో మొహం తుడుచుకుంటూ ఇల్లు దాటి వచ్చి, గడపలో నా పక్కన కూర్చుంది. కాళ్ళు సందులోకి చాపుకుంది. నేను విసనకర్ర ఆమె వైపు తిప్పాను.

కాసేపటికి లోపల్నుంచి మాడు వాసన వచ్చింది. ముందు ఆవాలు, తర్వాత ఎండుమిరపకాయలు. నాన్న దగ్గుతున్నాడు. గిన్నె ఏదో కింద పడింది. ఈ మనిషి ఏ పనీ తిన్నగా చెయ్యడు కదా అని విసుక్కుంటూ లేవబోయాను.

అమ్మ నా మణికట్టు పట్టుకుని కిందికి లాగింది. "కూకో," అంది. "నా అర్ధగంట ఇంకా అవలేదు."